రాత్రిపూట పళ్లు ఎక్కడ పెడుతున్నారు?

   

పట్టాలు పుచ్చుకున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, మీకు దంతవైద్యం భవిష్యత్తు గురించి చెప్పమన్నారు. అందుకు పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. నేను దెందులూరులో పళ్ల సెట్లు కట్టి బతికినవాణ్ని. అంగిలి గురించి చెబుతాను.

కొల్లేటి లంక నుంచి ఒక మామ్మగారు వచ్చారు. సెట్టు వదులైంది, కొత్తది కట్టమన్నారు. నొప్పి లేదు, మంట లేదు. నోట్లోది తీయమంటే ససేమిరా అన్నారు. ఎదురుగా అల్లుడు కూర్చున్నాడు మరి! అతన్ని టీకి పంపాక, కొంగు అడ్డం పెట్టుకుని తీశారు. సెట్టు కప్పినంత మేరా అంగిలి ఎర్రగా కందిపోయి ఉంది. సెట్టు లోపలివైపు గీకితే తెల్లటి పాచి ఊడొచ్చింది.

"రాత్రి తీసి పడుకుంటారా మామ్మగారూ?"

"కూతురింట్లో ఉంటున్నానయ్యా. తెల్లారి బోసినోటితో అల్లుడికి ఎదురుపడనా?"

సెట్టు కింద వచ్చే ఇలాంటి అంగిలి వాపుకు న్యూటన్ 1962లో చెప్పిన మూడు రకాలూ మీరు పరీక్షలో గడగడా రాసే ఉంటారు. ఈ అల్లుడు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండడు.

ఆ ఎరుపు ఎలా వస్తుందంటే, పై సెట్టు కిందికి లాలాజలం సరిగా చేరదు. కడిగే నీరూ, అందులోని యాంటీబాడీలూ అందవు. ఇరుక్కున్న తిండిలోని చక్కెరను సూక్ష్మజీవులు పులియబెట్టడంతో ఆమ్లం పెరుగుతుంది. క్యాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్ వదిలే ప్రోటియేజ్ ఎంజైములకు కావలసింది ఆ పులుపే. అవి అంగిలి పొరలోని ప్రోటీన్లను తెగ్గొడుతుంటే, కణాలు వాపు సంకేతాలైన ఇంటర్‌ల్యూకిన్లు విడుదల చేస్తాయి, రక్తనాళాలు ఉబ్బుతాయి. మనకు కనిపించే ఎరుపు అదే. షుగరున్న మనిషైతే లాలాజలంలోనూ గ్లూకోజు పెరిగి ఆ ఫంగస్‌కు మరింత మేత.

సెట్టు కట్టే అక్రిలిక్‌లో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, ఫంగస్ కాపురం అక్కడ. సెట్టును వదిలేసి అంగిలికి మాత్రం మౌత్ పెయింట్ రాసిచ్చే మహానుభావులు మీలోంచి రాకూడదు! ఫంగస్‌కు మైకోనజోల్ జెల్ రాసేముందు వార్ఫరిన్ వాడుతున్నారేమో అడగండి, రెండూ కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది. వాచిన అంగిలికి కొలత తీయకండి. వాపు తగ్గాక ఆ కొత్త సెట్టూ వదులే.

మామ్మగారికి కొత్త సెట్టు వెంటనే కట్టలేదు. కూతుర్ని పిలిచి మాట్లాడాను. రాత్రి సెట్టు తీసి పెట్టుకోవడానికి మూతున్న స్టీలు డబ్బా ఒకటి మామ్మగారి గదిలోకి చేరింది. ఎరుపు తగ్గాకే కొలత తీశాను.

ఇంప్లాంట్ కోర్సులకు హైదరాబాద్ పరిగెత్తండి, వద్దనను. కానీ పేషెంటు చెప్పులు వేసుకుంటుండగా "రాత్రి తీసెయ్యండి" అని వెనకనుంచి కేకేయడం వైద్యం కాదర్రా! కూర్చోబెట్టి చెప్పండి. పేస్టుతో తోమితే గీతలు పడతాయి, మెత్తటి బ్రష్షూ సబ్బూ చాలు. వేణ్నీళ్లలో వేస్తే సెట్టు వంకరపోతుంది, చన్నీళ్లు చాలు. ఇక రాత్రి ఎందుకు తీయాలంటే, జపాన్‌లో 85 దాటిన 524 మందిని మూడేళ్లు గమనిస్తే, సెట్టుతోనే నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. అంటే ఇది నోటితో పోయే గొడవ కాదు.

వెనక వరసలో తాతయ్యలు నవ్వుతున్నారు. మీకూ కలిపే చెబుతున్నానండీ! పిల్లలూ, మీ ఇంట్లో సెట్టు వాడే పెద్దవాళ్లుంటే, ఈ రాత్రి వాళ్ల మంచం పక్కన నీళ్ల గ్లాసు మీరే పెట్టండి. పొద్దున్నే ఆ సెట్టు తోమి ఇచ్చేదీ మీరే.