పసిబిడ్డకు మధ్యంతరం ఉండదు

స్మారకోపన్యాసానికి పెద్ద విషయం ఎంచుకోవడం ఆనవాయితీ. నేను మాట్లాడబోయేది ఒక చిన్న కాగితం గురించి. తల్లిదండ్రులు విడిపోయి కోర్టుకెక్కినప్పుడు, అసలు కేసు తేలేదాకా బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో చెప్పే మధ్యంతర ఉత్తర్వు అది. వకీళ్ల వాడుకలో ఐ.ఏ. ఆర్డరు. ఐదేళ్లలోపు బిడ్డ విషయంలో చాలాసార్లు ఆ కాగితమే అసలు తీర్పు అయి కూర్చుంటుందనీ, తాత్కాలికమే కదా అన్న తేలికభావంతో దాన్ని రాయకూడదనీ నా వాదం.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 12వ సెక్షను ప్రకారం కోర్టు బిడ్డను హాజరుపరచమనవచ్చు, తాత్కాలికంగా ఒకరికి అప్పగించవచ్చు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షనులోనూ అలాంటి అధికారముంది. ఈ 26కు 2001లో ఒక షరతు తగిలించారు. పిల్లల పోషణ, చదువు కోసం వేసే దరఖాస్తును నోటీసు అందిన నాటి నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలన్నారు. ఆ షరతులో కస్టడీ మాట లేదు. స్కూలు ఫీజుకు గడువు పెట్టిన పార్లమెంటు, బిడ్డ ఎవరింటి నుంచి స్కూలుకు వెళ్లాలో తేల్చడానికి పెట్టలేదు. ఇక 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షను, ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. బిడ్డకు మూడేళ్లప్పుడు వేసిన ఓపీ, అంటే అసలు పిటిషను, కౌంటరుకనీ, కౌన్సెలింగుకనీ, సాక్ష్యానికనీ వాయిదాలు పడుతూ రెండున్నరేళ్లు సాగిందనుకోండి. తీర్పునాటికి ఆ ఐదేళ్ల గీత దాటిపోతుంది. అప్పటికి వాడికో బడి, పక్కింటి నేస్తాలు, ఎవరి పక్కనో పడుకునే అలవాటు. అలవాటైన చోటు నుంచి కదపడం క్షేమం కాదని జడ్జిగారు రాస్తారు. తప్పేమీ కాదు. కానీ ఆ అలవాటు చేయించింది మొదటి ఉత్తర్వు, లేదా ఉత్తర్వే రాకపోవడం.

2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిన గోవా కేసు చూడండి. రెండేళ్లు నిండని బిడ్డ మధ్యంతర కస్టడీని కింది కోర్టు తల్లికిచ్చింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్లీ తల్లికే ఇచ్చింది. ఆ వయసు బిడ్డ విషయంలో తల్లి తన అర్హత రుజువు చేసుకోనక్కర్లేదు, ఆమె తగదని తండ్రే చూపాలంది. న్యాయం సరిగానే నిలబడింది. అయితే మధ్యంతరమనే ఒక్క మెట్టు మీదే కేసు మూడు కోర్టులెక్కింది. మన హైదరాబాద్ కేసు ఇంకో తీరు. అమెరికాలో కాపురమున్న దంపతుల పిల్లల కోసం 2017లో తల్లి ఇక్కడి ఫ్యామిలీ కోర్టుకు వెళ్లింది. ఆ పిల్లల నివాసం హైదరాబాద్ కాదు, ఈ కోర్టుకు విచారణాధికారమే లేదని 2019 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి తేలడానికే దాదాపు రెండేళ్లు పట్టిందన్నమాట.

మధ్యంతర దశలోనే లోతుగా విచారిస్తే అదో చిన్న ట్రయలై ఇంకా ఆలస్యమవుతుందనే అభ్యంతరం ఉంది. భార్యాభర్తల తప్పొప్పులన్నీ తవ్వితే అవుతుంది. కానీ ఈ దశలో అడగవలసినవి ఆ ప్రశ్నలు కావు. నిన్నటిదాకా బిడ్డకు అన్నం ఎవరు పెట్టారు, జ్వరమొస్తే ఎవరు ఎత్తుకెళ్లారు, రాత్రి ఎవరి పక్కన పడుకుంది? టీకాల కార్డు, డాక్టరు చీటీ, అంగన్‌వాడీ టీచరు మాట ఒక్క పూటలో చూడవచ్చు. బిడ్డను రాత్రికి రాత్రి ఎత్తుకుపోయినవారికి కాలయాపన బహుమతి కాకుండా ఉండాలన్నా ముందు ఈ పాత ఏర్పాటునే నిలబెట్టాలి. ఉత్తర్వు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కదా అనేవారికి నా జవాబు: మార్చమని మరో ఐ.ఏ. వేయాలి, దానికీ మళ్లీ వాయిదాలే. అందుకే పునఃపరిశీలన తేదీని మొదటి ఉత్తర్వులోనే రాయాలి.

ఇది తండ్రులకు అన్యాయమంటారు. ఆ ఆరోపణలో నిజముంది, అయితే అది చట్టంలోని ‘మామూలుగా’ అన్న మాట వల్ల కాదు, మనమిచ్చే విజిటేషన్ వల్ల. నెలకు రెండు శనివారాలు, కోర్టు ఆవరణలో రెండేసి గంటలు. గదిలో చక్రం ఊడిన బొమ్మకారు, గుమ్మంలో అమ్మమ్మ, లోపల చాక్లెట్ పట్టుకుని నాన్న. ఏడాదిన్నర పిల్ల పదిహేను రోజుల్లో ఆ ముఖం మరిచి, చూడగానే ఏడుస్తుంది. ఆ ఏడుపు తండ్రి దగ్గర ఇమడదని రుజువుగా రికార్డుకెక్కుతుంది. ఇంత పసివారికి అరుదైన పెద్ద కలయికలకన్నా తరచుగా జరిగే చిన్న కలయికలే నయం. వారానికి మూడుసార్లు, ఇంటి దగ్గరో పార్కులోనో, కుదిరితే స్నానం, అన్నం వేళకు. కొన్ని నెలలకు రాత్రి బస. దూరాన ఉన్నవారికి రోజూ 5, 10 నిమిషాల వీడియో కాల్ ఉండాలని 2020లో సుప్రీంకోర్టే సూచించింది. హింస జరిగిన ఇళ్లకు ఈ లెక్క వర్తించదు. అక్కడ తల్లీబిడ్డల భద్రతే ముందు, కలయిక మూడో మనిషి సమక్షంలోనే జరగాలి.

ఇవన్నీ జడ్జీలు నేడున్న చట్టంతోనే చేయగలరు. చేయలేనిది ఒక్కటే. 26వ సెక్షను షరతులో పోషణ, చదువు పక్కన కస్టడీ అన్న మాట చేర్చవలసింది పార్లమెంటు. ఇక్కడున్న న్యాయవాదులు, మహిళా సంఘాలవారు, విడిగా ఉంటున్న తండ్రులు మీ ఎంపీకి రాసే ఉత్తరంలో ఆ ఒక్క మాటే అడగండి.