పాత కుర్చీలు, పెట్టెలు: వాని కాలనిర్ణయము



పాత లోగిళ్ల చావళ్లలోను, అటకలమీదను తాతలనాటి కుర్చీయో, బల్లయో, పెట్టెయో పడియుండుట మీరెరిగినదే. అది యేనాటిదని యడిగినచో "మా ముత్తాతగారిది" అనుటతో సంగతి ముగియును. ఊరికి వచ్చిన వర్తకుడు మాత్రము అంతకంటె ఎక్కువ యెరిగియుండును. అప్పుడా వస్తువు వంటచెరకు వెలకు బండి యెక్కును. వస్తువు తన కాలమును తానే చెప్పగలదు, చూడవలసినచోట చూచితిమేని. మన తీరమున పుట్టిన విశాఖపట్టణపు దంతపు పనిని ఉదాహరణముగా గైకొని ఆ విషయమును మనవి చేసెదను.

17వ శతాబ్దాంతమున ఆంగ్ల కంపెనీవారు విశాఖపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిరి. చేరువనే భీమునిపట్టణమున డచ్చివారుండిరి. ఈ దొరలకు కూర్చుండ కుర్చీలు, వ్రాసికొన సొరుగుల బల్లలు కావలసివచ్చెను. దొర తన దేశపు కుర్చీని నమూనాగా చూపగా, మన వడ్రంగి దానిని ఇరుగుడు కఱ్ఱతో చేసి, అంచులవెంట దంతపు తీగెలను, పూవులను పొదిగెను. ఆకారము సీమది, అలంకారము మనది. ఆ తీగెలను చూచినచో ఈ తీరపు అద్దకపు వస్త్రముల అంచులు జ్ఞప్తికి వచ్చును.

కాలమును తెలిసికొనగోరువారు ముందు కుర్చీ కాలిని చూడవలయును. 18వ శతాబ్దపు పూర్వార్ధమున ఆ కాలు మోకాలివలె ముందుకు వంగి, చీలమండకడ సన్నగిల్లి, పక్షి తన గోళ్లలో బంతిని పట్టినట్లు నేలను తాకుచుండెను. వీపు నడుమ పూలకుండ ఆకారపు పలక యుండెడిది. 1754లో లండను నగరపు వడ్రంగి థామసు చిప్పెండేలు నమూనాల పుస్తకమును ప్రకటించెను. అందు ఆ పలక పలువిధముల చిల్లుల చెక్కడముతో కనబడును. 1788లో హెపుల్‌వైటు నమూనాలు అచ్చుపడునాటికి కాలు తిన్ననై, క్రిందికి పోనుపోను సన్నబడినది. వీపు డాలు రూపము దాల్చినది.

అయితే ఇక్కడ నొక మెలిక గలదు. సీమలో మారిన వేషము ఓడ యెక్కి మన రేవు చేరుటకు కాలము పట్టును. చేరినపిమ్మట వడ్రంగి దానిని సులభముగా విడువడు. తండ్రి చేసిన తీరునే కొడుకును చేయును. కావున ఆకారము "ఇది ఇంతకు ముందుది కాదు" అని చెప్పునేగాని, "ఇంతకు తరువాతిది కాదు" అని చెప్పజాలదు. తెలిసినవారమనుకొనువారు సైతము ఇచ్చటనే పొరబడుదురు.

1770 ప్రాంతమున పనితీరు కూడ మారెను. పొదుగుటకు మారుగా, పలుచని దంతపు రేకులతో చెక్కనంతను తాపడము చేసి, వానిపై మేడలను, చెట్లను గీసి, ఆ గీతలలో నల్లని లక్కను నింపిరి. మదరాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు వించి సొత్తును 1781లో ఇంగ్లండున వేలము వేయగా, మూడవ జార్జి రాజు అందలి దంతపు కుర్చీలను రాణి షార్లెటుకొరకు కొనెను. 19వ శతాబ్దమున కొమ్ము, తాబేటిచిప్ప, ఏదుపంది ముళ్లు చేర్చిన గంధపుచెక్క పెట్టెలు విరివిగా వచ్చినవి.

మా యింట నట్టి దంతపు పెట్టె యొకటి కలదు. నా చిన్ననాట పండుగకు ఇల్లు కడుగుచు, ఆ నల్లని గీతలను మురికి యనుకొని, కుంకుడురసముతోను, ఇసుకతోను తోమి తెల్లజేసితిని. నాలుగు రేకులూడినవి, మేడలు మాసిపోయినవి. పెద్దలు మెచ్చుకొనిరి కూడ! అది మురికి కాదని, పనివాని లక్క యని నాకు తెలిసినది ముప్పదియేండ్ల తరువాత.

కావున తోమకుడు, రంగు పూయకుడు. బోరగిలవేసి అడుగు చూడుడు. పైభాగమును మెరుగు పెట్టి మోసగింపవచ్చును. అడుగును పట్టించుకొనువారు తక్కువ. చేతిరంపపు గీతలు తిన్నగా, ఎడములు హెచ్చుతగ్గులుగా నుండును. విల్లువలె వంగిన గీతలున్నచో అది యంత్రపు చక్రపు రంపము కోసిన చెక్క. 19వ శతాబ్దమున గాని మనకది రాలేదు. కొన దేలిన మరమేకులు ఆ శతాబ్దము నడుమ వచ్చినవి. అంతకు ముందటివి మొద్దుకొనవి. గుండ్రని బల్లను త్రాటితో రెండువైపుల కొలువుడు. చెక్క పొర కడ్డముగా కుదించుకొనును గాన, పాతబల్ల ఒకవైపున కొంచెము తక్కువ తూగును. దంతమును కోసినచోట వలవంటి సన్నని గీతలుండును. ఎముకయందు నల్లని చుక్కలు, సన్నని రంధ్రములు కనబడును.

ఇక చట్టము మాట. నూరేండ్లు దాటిన పురావస్తువును సొంతముగా విదేశమునకు పంపుట 1972 నాటి చట్టముచే నిషిద్ధము. దంతపు వర్తకమును వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. ఇంట నుంచుకొనుటకును అటవీశాఖవారి ధ్రువపత్రము వలయును. వంటచెరకు వెలకు అడుగువాడు ఈ మాటను మీతో చెప్పడు.

మా పెట్టె పత్రముతోనే మా యింట నున్నది. మూత లోపలి అంచున, నా చేయి చేరని మూల, జానెడు నల్లని తీగె ఇంకను మిగిలియున్నది.