రబ్బరు చక్రములు – వాని వేడిమి



బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగునపుడు కమ్మరి యేమి చేయునో మీకందరకును తెలిసినదే. పట్టాను పిడకల నిప్పులో ఎర్రగా కాల్చి, అది సాగినపుడు చక్రముపై దించి, నీరు చల్లును. పట్టా ముడుచుకొని చక్రమును బిగబట్టును. అచట వేడిమి చక్రమునకు బలమిచ్చినది. రబ్బరు టైరునకు కొంత వేడిమి మేలు, మిక్కిలి వేడిమి చేటు. ఆ మేర యెరుగక తోలువాడు ప్రాణముతో చెలగాటమాడుచున్నాడు.

జర్మనీదేశమున నూర్బుర్గ్‌రింగ్ అను పందెపుబాట కలదు. అది 1927వ సంవత్సరమున తెరువబడినది. దాని ఉత్తరపు చుట్టు 20 కిలోమీటర్లకు పైబడి, అడవికొండల నడుమ ఎక్కుచు దిగుచు మెలికలు తిరిగిపోవును. పందెములు లేని కొన్ని దినములలో రుసుము చెల్లించినవారు తమ సొంతకారును అందు తోలవచ్చును. నిత్యము కచేరికిని అంగడికిని పోవు కారునే, దాని మామూలు టైర్లతోనే! చెన్నపట్టణమునకు చేరువనున్న ఇరుంగాట్టుకోట్టై బాటమీదను ఇట్టి అవకాశము కలదు. మీ యింటి కుర్రవాండ్రలో అచటికి పోవ నుత్సాహపడువారుండవచ్చును గనుక ఇది చెప్పుచున్నాను.

టైరు నేలనానినచోట అణగి, నేల విడిచినంతనే సాగును. ఇట్లు నలుగుటలో వినియోగమైన శక్తి అంతయు తిరిగిరాదు. కొంత వేడిమియై రబ్బరులోనే నిలుచును. ఇనుపతీగను పలుమారులు వంచి ముట్టి చూచినవారికి ఇట్టిది అనుభవమే. మలుపులందలి జారుడువలనను, బ్రేకులవలనను మరికొంత వేడిమి చేరును.

పందెపు టైరు నున్ననిది. 80, 100 డిగ్రీల నడుమనే నేలను చక్కగా పట్టును. బాటటైరునకో, వాననీరు తొలగుటకై కాలువలుండును. కొత్తలో వాని లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. వాని నడుమనున్న రబ్బరుదిమ్మలు మలుపులలో ఇటునటు వంగుచు తామే కాగును. మేర మీరినచో మెత్తబడి, నూనె యొలికిన గచ్చుమీది పాదమువలె జారును. ఇంకను తోలినచో అంచులు పెచ్చులూడును. దిమ్మలు ఎత్తుగా నుండుటచే కొత్తటైరే ముందు కాగుట ఇందలి చిత్రము.

గాలి సంగతి మరింత ముఖ్యము. 25 డిగ్రీలలో చదరపు అంగుళమునకు 32 పౌనులున్న గాలి, 75 డిగ్రీలకు కాగునప్పటికి ఇంచుమించు 40 పౌనులగును. ఈ లెక్కలో వాతావరణపు ఒత్తిడినికూడ కలుపుకొనవలెను. బడిపిల్లలు తరచుగా దీనినే మరతురు. గాలి బిగిసిన టైరు నడుమ ఉబ్బగా, నేలనానుచోటు తగ్గును. కావున తెలిసినవారు కొన్ని చుట్లు తిరిగివచ్చి, టైరు వేడిగా నుండగనే కొలిచి, పెరిగినదానిలో కొంత విడుతురు. సూదివంటి ఉష్ణమాపకమును రబ్బరులో గ్రుచ్చి మూడుచోట్ల చూతురు. నడుమ అధికముగా కాగిన గాలి ఎక్కువ. అంచులు రెండును కాగిన గాలి తక్కువ. బయలుదేరకముందే మితిమీరి గాలి తీసివేయుట నాకు సమ్మతము కాదు. అట్టి టైరు మరింత నలిగి మరింత కాగును.

మొదట మెల్లగా తోలి, టైరు వెచ్చబడిన పిమ్మట రెండుమూడు చుట్లు వేగముగా పోవచ్చును. నూర్బుర్గ్‌రింగువంటి దీర్ఘమైన బాటమీద ఒక్కచుట్టే చాలును. స్టీరింగు త్రిప్పినను కారు మునుపటివలె తిరుగకున్నచో, వేగము తగ్గించి చల్లార్చుకొని రావలయును. నిలిపినంతనే చేతిబ్రేకు బిగింపరాదు. బ్రేకులు ఇంకను కాలుచుండును.

ఇక ఇంటికి మరలుట. వేడిలో గాలి విడిచిన టైరు చల్లారునప్పటికి ఉదయముకంటె చప్పబడియుండును. మనుష్యులను, మూటలను నింపుకొని అట్లే యెండలో రహదారిమీద పరుగెత్తించినచో పగులవచ్చును. కావున చల్లారనిచ్చి, కారు తలుపుచెంత వ్రాసియున్న మేరకు గాలి నింపియే బయలుదేరవలయును. కాలువలలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు రహదారికి తగదు. పండుగకు పిల్లలు కారులో వచ్చినపుడు చల్లారిన టైరు అంచులు చేతితో తడవి చూడుడు; పెచ్చులుగాని చీలికలుగాని తగిలినయెడల తిరుగుప్రయాణమునకు ముందే మార్పింపుడు.