రొయ్య ధర, గుంట గట్టు మీద మనవాళ్ళు



మన సంఘం సభల్లో ఇళ్ళ స్థలాల గురించి, కుల ధ్రువపత్రాల గురించి, చదువుల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి పరదేశాల దిగుమతి సుంకం గురించి మాట్లాడుకుందాం. మనకెందుకీ గొడవ అనుకోవద్దు. అల్లూరు నుంచి ముత్తుకూరు దాకా రొయ్యల గుంటల మీద రాత్రిళ్ళు కాపలా ఉండే మన యానాదుల కూలి ఆ సుంకంతో ముడిపడి ఉంది.

ముందు శ్రీలంక సంగతి. అక్కడ 2009 మేలో యుద్ధం ముగిసింది. చిత్రహింసల నిషేధం, పౌర హక్కులు, బాలల హక్కులపై సంతకం చేసిన మూడు అంతర్జాతీయ ఒప్పందాలను ఆ ప్రభుత్వం సరిగా అమలు చేయడం లేదని యూరోపియన్ యూనియన్ విచారణలో తేలింది. దాంతో జీఎస్పీ ప్లస్ అనే సుంకం రాయితీని 2010 ఆగస్టు 15 నుంచి ఆపేశారు. మళ్ళీ ఇచ్చింది 2017 మేలో. తిరిగి పొందడానికి అక్కడి ప్రభుత్వం ఉగ్రవాద నిరోధక చట్టాన్ని మారుస్తామన్నది సహా కొన్ని హామీలు ఇవ్వాల్సి వచ్చింది. అంటే ఒత్తిడి కొంత పనిచేసింది. కానీ రాయితీ పోయిన దెబ్బ తగిలింది ముఖ్యంగా బట్టల ఫ్యాక్టరీలకు. అక్కడ మిషన్ మీద కూర్చునేది ఎక్కువగా ఆడపిల్లలు. యుద్ధంలో వాళ్ళ తప్పేముంది?

అట్లాంటిదే మన తీరానికీ వచ్చింది. రష్యా దగ్గర చమురు కొంటున్నారని, అది ఉక్రెయిన్ యుద్ధానికి డబ్బు అందించడమేనని చెప్పి, అమెరికా మన దేశపు సరుకుల మీద అదనంగా 25 శాతం వేసింది. 2025 ఆగస్టు 27న అది మొత్తం 50 శాతానికి చేరింది. రొయ్యలకు అమెరికా పెద్ద బజారు. ధర పడితే రైతు గుంట ఎండగడతాడు. గుంట ఎండితే కాపలా పని పోతుంది. పని పోయినా తీసుకున్న అడ్వాన్సు మాత్రం పద్దులో అట్లాగే ఉంటుంది. సుంకాలు వేసేవాళ్ళ లెక్కల్లో ఆ అడ్వాన్సు ఎక్కడా కనపడదు.

అయితే మనకు పనికొచ్చే ఒత్తిడి కూడా ఉంది. వెట్టిచాకిరీతో తయారైన సరుకును ఆపే అధికారం అమెరికాకు 1930 సుంకాల చట్టం 307వ సెక్షన్ కింద ఉంది. యూరప్ కొత్త చట్టం 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది. 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికా సంస్థ మన దేశపు రొయ్యల పరిశ్రమలో బలవంతపు పని జరుగుతున్నదని నివేదిక ఇచ్చింది. ఇక కొనేవాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. అడిగి, ఊరుకోకుండా ఈక్వెడార్ రొయ్య కొనుక్కుంటే మనకు ఒరిగేదేమీ లేదు. కొనడం ఆపకముందే అప్పు రద్దు చేయించాలి, కనీస వేతనం ఇప్పించాలి. మన సంఘం కోరేది ఇదీ.

దీనికి మన చట్టమే ఉంది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు. వెట్టి చేయించినవాడికి మూడేళ్ళ వరకు జైలు. విడుదల పత్రం వస్తే 2016 కేంద్ర పథకం కింద మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షల దాకా పునరావాస సాయం ఉంది. అసలు చిక్కంతా ఆ పత్రం రావడంలోనే. మనవాళ్ళ చేతిలో కాగితం ముక్క ఉండదు, పద్దు యజమాని దగ్గరే ఉంటుంది.

చదువుకున్న మీరు చేయగలిగింది ఇక్కడే ఉంది. మీ పాలెంలో గుంటల మీదున్న ప్రతి కుటుంబం దగ్గర కూర్చోండి. అడ్వాన్సు ఎంత, ఏ నెలలో తీసుకున్నారు, నెలకు ఎంత కోస్తున్నారు, పండక్కి ఇంటికి పోనిస్తున్నారా, పిల్లలు కూడా మేత చల్లుతున్నారా, అన్నీ తేదీలతో రాయండి. వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. రెండు కాపీలు తీయండి. ఒకటి ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి, రెండోది సంఘానికి పంపండి.