సంజవెలుగులో కొండపూలు
(ఐర్లండ్ కొండల ఛాయాచిత్ర ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్లలో పొద్దు గూకిందనుకునేలోపే చీకటి పడుతుంది. ఐర్లండులో పొద్దు గూకడం పెద్ద తతంగం. జూన్ మూడో వారంలో డబ్లిన్లో సూర్యాస్తమయం రాత్రి దాదాపు పదింటికి. ఫొటోలు తీసేవాళ్లకి అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. హైదరాబాదు 17వ అక్షాంశం దగ్గర ఉంది, డబ్లిన్ 53వ అక్షాంశం దగ్గర. అక్కడ సూర్యుడు ఇంచుమించు నిలువుగా దిగిపోతాడు, ఇక్కడ ఏటవాలుగా జారతాడు. ఆరు డిగ్రీల ఎత్తు నుంచి నేలను తాకడానికి జూన్ నెలలో హైదరాబాదులో అరగంట కూడా పట్టదు, డబ్లిన్లో యాభై నిమిషాలు దాటుతుంది. అంటే మనకి నీరెండ రెట్టింపన్నమాట. మబ్బు పట్టకపోతేనే లెండి!

ఇంత వెలుగు చేతిలో ఉన్నా మనవాళ్ల ఫొటోల్లో తరచుగా కనిపించేది ఒకటే: మధ్యలో సూర్యుడు, ముందు నల్లటి నీడల్లా కుటుంబం. ఒక్కసారి సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. విక్లో జిల్లాలో 501 మీటర్ల గ్రేట్ షుగర్ లోఫ్ కొండ ఉంది. దానికి పడమటి వైపు నిలబడి చూస్తే సాయంత్రపు ఎండ నేరుగా కొండ ముఖాన పడుతుంది. అది క్వార్ట్‌జైట్ రాయి, ఎర్రటి ఎండలో గులాబీ రంగు తిరుగుతుంది. డొనెగాల్లో 751 మీటర్ల ఎరిగల్ కొండదీ అదే రాయి, అదే సొగసు. లక్ టే సరస్సు సంగతి వేరు. తూర్పు వైపు రోడ్డు మీద నిలబడి అస్తమయం కోసం కాచుకుంటే, ఎదురుగా ఉన్న లగలా కొండ వెనక్కి సూర్యుడు ముందే వెళ్లిపోతాడు, సరస్సంతా నీడలో మునుగుతుంది. అక్కడికి పొద్దున్నే వెళ్లాలి.

ఇక పూలు. ఏప్రిల్, మే నెలల్లో కొండవాలంతా పచ్చగా పూసే ముళ్లపొద గోర్స్. చూడగానే మనకి తంగేడు గుర్తొస్తుంది. రెండూ చిక్కుడు కుటుంబానివే. దగ్గరికెళితే కొబ్బరి వాసన వేస్తుంది, నమ్మకపోతే వాసన చూడండి. జూన్ ప్రాంతంలో బాగ్ కాటన్ తెల్లటి కుచ్చులు పత్తిచేనులా ఊగుతాయి, వాటిని మాత్రం సూర్యుడికి ఎదురుగా తీయాలి, ఒక్కొక్క కుచ్చూ దీపంలా వెలుగుతుంది. ఆగస్టులో వంగపండు రంగు హెదర్, దాని మధ్యలో చిన్నరకం గోర్స్ పసుపు రంగు. ఒక్కసారే వెళ్లగలిగితే ఆగస్టు నడిమధ్యనే వెళ్లమంటాను. పొద్దు కూడా తొమ్మిదికి కాస్త ముందే గూకుతుంది, పిల్లలకి నిద్ర వేళ తప్పదు.

పూలతో చిక్కు గాలి. అట్లాంటిక్ గాలికి పూలు క్షణం ఆగవు. కెమెరాని స్టాండు మీద మోకాలి ఎత్తుకు దించి, ఎఫ్ 11 దగ్గర పెట్టి, ముందున్న పూల కంటే కాస్త వెనక్కి ఫోకస్ చేయండి. ఐఎస్ఓ పెంచడానికి మొహమాటపడకండి. కాస్త గరగర ఉన్న ఫొటో ఫరవాలేదు, అలుక్కుపోయిన పువ్వు పనికిరాదు. ఆకాశానికి వేరే ఎక్స్‌పోజరు తీసుకుని తర్వాత కలపొచ్చు. గాలి ఆగితే పూలు నిలబడతాయి గానీ మిడ్జ్ అనే బుల్లి పురుగులు మొహం మీదికొస్తాయి. ఫోనుతో తీసేవారు కూడా నేలకి దగ్గరగా వంగితే చాలు, సగం పని అయినట్టే.

వంగండి గానీ, ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి. హెదర్ కింద ఉన్నది మామూలు మట్టి కాదు, పీట్. అది పేరుకునేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. మీటరు లోతంటే వెయ్యేళ్ల సంపాదన. ఒక మంచి ఫొటో చూసి పదిమంది, వాళ్లని చూసి వందమంది అదే చోట తొక్కితే మొక్క పోతుంది, వానకి పీట్ కొట్టుకుపోతుంది. దారి మీద నిలబడి తీయగలిగిన ఫొటోనే తీయండి. ఎండిన గోర్స్ పెట్రోలులా అంటుకుంటుంది. 2021 ఏప్రిల్లో కిలార్నీ నేషనల్ పార్కులో మంటలు లేచి వేల ఎకరాలు కాలిపోయాయి. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా సాగులో లేని నేల మీద పొదలు తగలబెట్టడం ఐర్లండ్ చట్టప్రకారం నేరం. అస్తమయం చూస్తూ మొక్కజొన్న కంకులు కాల్చుకుందామని బార్బెక్యూ ట్రే కారులో వేసుకుంటారే, అది ఇంటి పెరట్లోనే ఉండనివ్వండి.

అదే కిలార్నీలో జూన్ మొదట్లో ఊదారంగు రోడోడెండ్రాన్ పూల ముందు నిలబడి ఫొటో దిగనివారు అరుదు. అది అక్కడి పువ్వు కాదు. బయటనుంచి తెచ్చి తోటల్లో నాటితే, పాకి పాకి ఓక్ అడవిని కమ్మేసింది. దాని నీడలో ఓక్ మొలకలు బతకవు. దాన్ని నరికి తీసేందుకు స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి చెమటోడుస్తున్నారు. వలస వచ్చిన మొక్క గురించి వలస వచ్చిన మనం ఇలా మాట్లాడుకోవడం తమాషాగానే ఉంటుంది, ఏం చేస్తాం! ఫొటో తీసుకోండి, కానీ అది ఐర్లండ్ అందానికి గుర్తంటూ ఊరికి పంపకండి. ఆ అడవిలోనే బండల మీద పూసే బటర్‌వర్ట్ అనే ఊదాపువ్వుని వెతకండి. జిగురాకులతో చిన్న పురుగుల్ని పట్టి తింటుంది. పిల్లలకి చూపిస్తే కెమెరా మీ చేతిలోంచి లాక్కుంటారు.

అస్తమయం అయ్యాక మరో అరగంట ఆకాశంలో రంగు ఉంటుంది గానీ, కాలిబాట మీద వెలుగు ఉండదు. తలకి కట్టుకునే టార్చి, చలికోటు, నిండా ఛార్జి ఉన్న ఫోను వెంట ఉండాలి. దారి తప్పితే 112కి గానీ 999కి గానీ ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. ఇక ఆ గోడ మీది ఫొటోల దగ్గరికి వెళదాం రండి.