మెదడువాపు వ్యాధికి మందు కోసం వెతుకులాట
(పెనుగొలనులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

మెదడువాపు వ్యాధిని కలిగించే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను 1935లో జపాన్‌లో, ఆ జబ్బుతో చనిపోయిన మనిషి మెదడు నుంచి వేరుచేశారు. అంతకు ముందు 1924లో ఆ దేశంలో ఆరు వేల మందికి పైగా దీని బారిన పడ్డారు. 1954కల్లా జపాన్ టీకా వెయ్యడం మొదలుపెట్టింది. మందు సంగతి వేరు. వైరస్ చేతికి చిక్కి తొంభై ఏళ్లు నిండినా దాన్ని చంపే మాత్ర గానీ సూది గానీ ఏ ఆస్పత్రిలోనూ లేదు.

ఈ వైరస్ ఉండేది వరిమడి చుట్టూనే. మడిలో నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టే క్యూలెక్స్ జాతి దోమ దీన్ని మోస్తుంది. కొంగల్లో, పందుల్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. ఆవులనూ గేదెలనూ దోమ ఇష్టంగా కుట్టినా వాటి ఒంట్లో వైరస్ పెద్దగా పెరగదు. పెనుగొలను నుంచి తిరువూరు దాకా ఏ వరి పొలం గట్టున నిలబడినా ఈ కథలో పాత్రలు దాదాపు అన్నీ కళ్లబడతాయి. మనిషి దీనికి దారితప్పి తగిలిన అతిథి మాత్రమే. మనిషి నుంచి మళ్లీ దోమకు ఎక్కేంత వైరస్ రక్తంలో ఉండదు. సోకిన 250 మందిలో ఇంచుమించు ఒకరికే జబ్బు ముదురుతుంది. అలా ముదిరినవారిలో నూటికి ముప్పై మంది దాకా చనిపోవచ్చు. బతికినవారిలో చాలామందికి ఫిట్స్, చచ్చుబడిన చేతులు, పోయిన మాట మిగులుతాయి.

మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును మొదట గుర్తించింది 1955లో, వేలూరులో. ఉత్తర ఆర్కాటు నుంచీ దాన్ని ఆనుకున్న ఆంధ్ర జిల్లాల నుంచీ పిల్లలను అక్కడి ఆస్పత్రికి తెచ్చేవారు. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురంతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాల్లో ఈ వ్యాధి విరుచుకుపడింది. అప్పుడు వైద్యుల చేతిలో ఉన్నవి జ్వరం మందు, ఫిట్స్ మందు, మెదడు వాపు తగ్గించే మానిటాల్, ఊపిరి ఆడడానికి ఆక్సిజన్. ఇవి ప్రాణం నిలబెట్టే సాధనాలే కానీ, వైరస్ జోలికి పోవు.

వైరస్ జోలికి వెళ్లే ప్రయత్నాలు థాయ్‌లాండ్‌లో మొదలయ్యాయి. 1985లో అక్కడ ఇద్దరు రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూశారు. వైరస్ సోకినప్పుడు శరీరం తానే తయారుచేసుకునే పదార్థం అది. ఇద్దరు రోగులను చూసి ఏదీ తేల్చలేం. ఆశ మాత్రం చాలా ఏళ్లు నిలిచింది. వాపు తగ్గిస్తుందని డెక్సామెథసోన్‌నూ అక్కడే పరీక్షించారు. లాభం లేదని 1992లో ప్రకటించారు. ఇంటర్‌ఫెరాన్ లెక్క తేలింది వియత్నాంలో. 112 మంది పిల్లల్లో సగానికి ఆ మందు, మిగతావారికి మందు లేని సూది ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవారికీ తెలియదు. 2003లో ఫలితం వచ్చింది: రెండు గుంపుల మధ్య తేడా లేదు.

రిబావిరిన్ వంతు ఉత్తరప్రదేశ్‌లో వచ్చింది. గాజు పాత్రలో ఈ వైరస్‌ను అణచే మందు అది. స్పృహ లేని పిల్లల ముక్కులోకి సన్నని గొట్టం వేసి, రోజుకు నాలుగు సార్లు, ఏడు రోజుల పాటు సిరప్ పోశారు. మూడేళ్లలో 153 మంది చేరారు. మందు అందిన 70 మందిలో 19 మంది, అందని 83 మందిలో 21 మంది చనిపోయారు. 2009లో అచ్చయిన ఈ ఫలితం ఓటమే, అయినా విలువైన ఓటమి. ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి బిడ్డ ఆస్పత్రి చేరేసరికి రక్తంలో వైరస్ దాదాపు కనిపించదు. అది మెదడు కణాల్లో పని మొదలుపెట్టేసి ఉంటుంది. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడను రిబావిరిన్ సరిగా దాటలేదు. పైగా అప్పటికి జరుగుతున్న నష్టంలో కొంత వైరస్ చేసేది, కొంత శరీరం తన మీద తానే రేపుకున్న మంట.

ఆ మంటను ఆర్పుదామన్న ఆలోచనలోంచే మినోసైక్లిన్ తెర మీదికి వచ్చింది. దీని వంశవృక్షంలో ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకుడిగా ఉన్న కాలంలోనే అక్కడ బెంజమిన్ దుగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుక్కున్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటి బిడ్డ; మినోసైక్లిన్ ఆ కుటుంబంలోదే, ఆ లెడర్లీలోనే తర్వాత తయారైంది. మినోసైక్లిన్ బాక్టీరియా మీది మందు, కానీ మెదడులోకి తేలిగ్గా చేరుతుంది, అక్కడి మంటను తగ్గిస్తుంది. మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో ఈ వైరస్ సోకిన ఎలుకలను అది కాపాడింది. ఉత్తరప్రదేశ్‌లో రోగుల మీద చేసిన పరీక్షలో, 2016 నాటి లెక్క ప్రకారం, మొత్తం మీద మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆస్పత్రిలో మొదటి రోజు గట్టెక్కినవారికి మాత్రం కొంత మేలు జరిగినట్టు కనిపించింది. ఇంతవరకు జరిగిన పరీక్షల్లో ఈ ఫలితమే మళ్లీ పెద్ద ఎత్తున పరీక్షించదగింది.

మందుల పరీక్షకు ఇంకో చిక్కు ఉంది, అది 2003 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లోనే బయటపడింది. జూన్ నుంచి పిల్లలు జ్వరంతో, ఫిట్స్‌తో గంటల్లో పోతుంటే మొదట అందరూ ఇదే మెదడువాపు అనుకున్నారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలు చండీపురా వైరస్‌ను పట్టించాయి. దాన్ని మోసేది దోమ కాదు, ఇసుక ఈగ. 329 మంది పిల్లలకు జబ్బు వస్తే 183 మంది చనిపోయారు. లక్షణాలు ఒకటే, వైరస్‌లు వేరు. ఏ బిడ్డకు ఏది సోకిందో తెలియకుండా మందు పని చేసిందో లేదో తేల్చడం కుదరదు.

ఇప్పటిదాకా పరీక్షించినవన్నీ వేరే జబ్బుల కోసం పుట్టిన మందులే. పేద పల్లెల పిల్లల జబ్బుకు ప్రత్యేకంగా మందు తయారుచేసే పని పెద్ద కంపెనీలు తలకెత్తుకోలేదు. ఈ వైరస్‌కు దగ్గరి బంధువైన డెంగీకి ఆ అవకాశం కొంత దక్కింది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి, వైరస్ తన నకళ్లు తీసుకోవడానికి వాడుకునే రెండు ప్రోటీన్ల కలయికను అడ్డుకునే అణువును రూపొందించాయి. 2023లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతుల మీద అది పనిచేస్తున్నట్టు ప్రకటించారు. 2024 అక్టోబరులో కంపెనీ తన ప్రాధాన్యాలు మారాయంటూ తర్వాతి పరీక్షను ఆపేసింది. ఆగింది సైన్సు చేతగాక కాదు.

మందు రాని ఈ కాలమంతా టీకాదే. 1981లో కోలారులో దొరికిన వైరస్‌తో హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్, జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి జెన్‌వాక్ టీకా చేసి 2013లో విడుదల చేసింది. వ్యాధి ఉన్న జిల్లాల్లో పిల్లలకు తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండో డోసు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది.