దారి హక్కు, పొరుగు భద్రత

సమస్త ప్రశంసలకు అల్లాహ్ ఒక్కడే అర్హుడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



ఇంటికి ఎంత గట్టి తాళం వేసుకున్నా, ఇంటి ముందరి దారి భయం గొలిపేదైతే ఆ ఇంట మనశ్శాంతి ఉండదు. ప్రవక్త ఇబ్రాహీం (అలై) మక్కా కోసం దుఆ చేసినప్పుడు, ముందుగా ఆ పట్టణాన్ని శాంతి నిలయంగా చేయమని వేడుకొని, ఆ తరువాతే అక్కడి ప్రజలకు ఆహారాన్ని కోరారని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖర సూరా 126వ ఆయతు తెలుపుతోంది. భయం ఉన్నచోట అన్నం కూడా సహించదు గనుక ఈ క్రమాన్ని మనం శ్రద్ధగా గమనించాలి.

మనం నివసించే ప్రాంతాన్ని ఒకసారి చూడండి. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి సాగుతున్నాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండింటినీ దాటుతూ పోతుంది. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. ఒకనాడు అందరికీ అందరూ తెలిసిన పల్లెల చుట్టూ నేడు వెంచర్లు, గోదాములు, పారిశ్రామికవాడలు, జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, నల్సార్, బిట్స్ వంటి విద్యాలయాలు వెలిశాయి. తరతరాల రైతు, కొత్తగా ఇల్లు కట్టుకున్న ఉద్యోగి, అద్దె గదిలోని విద్యార్థి, పరాయి రాష్ట్రం నుంచి పొట్టకూటికై వచ్చిన కార్మికుడు ఒకే దారిలో నడుస్తున్నారు. అయినా ఒకరి పేరు ఒకరికి తెలియదు. పేరు తెలియని చోట అనుమానం త్వరగా మొలకెత్తుతుంది.

ప్రవక్త (స) తమ సహచరులను దారుల మీద కూర్చోవద్దని వారించారు. మాట్లాడుకోవటానికి తమకు వేరే చోటు లేదని వారు విన్నవించుకోగా, అలాగైతే దారి హక్కును చెల్లించమన్నారు. ఆ హక్కు ఏమిటని వారు అడిగారు. చూపులను అదుపులో ఉంచుకోవటం, బాటసారులకు బాధ కలిగించకపోవటం, సలాముకు బదులివ్వటం, మంచిని బోధించి చెడును వారించటం అని ఆయన వివరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఈ ఉదంతం నమోదై ఉంది. దారికి హక్కు ఉందనీ, దాన్ని చెల్లించవలసిన బాధ్యత ఆ దారిన కూర్చునే ప్రతి ఒక్కరిదనీ దీనివల్ల తెలుస్తోంది.

సోదరులారా! పోలీసుల బాధ్యత పోలీసులదే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, సమాచారం ఇవ్వవచ్చినవారిని తిప్పి పంపకుండా స్వీకరించాలి. నమోదైన సమాచారం ప్రతిని ఉచితంగా అందజేయాలి. ఇది మనం అడిగి తీసుకోదగిన హక్కు. అయితే ఏ మలుపులో వీధి దీపం వెలగటం లేదో, ఏ బస్టాపులో ఆడపిల్లలు వేధింపులకు జంకుతున్నారో, పిల్లలు లారీల నడుమ ఎక్కడ రోడ్డు దాటుతున్నారో స్టేషనులోని అధికారికి మనం చెప్పనిదే ఎలా తెలుస్తుంది? ఆ ఎరుక వీధిలో ఉంది.

విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకుంటారని ఖుర్ఆన్ 42వ సూరా తెలుపుతోంది. ఆ సూరా పేరే 'షూరా'. కేరళ రాష్ట్రం 2008లో 'జనమైత్రి సురక్షా' పథకాన్ని ప్రారంభించింది. అందులో బీటు అధికారి ఇంటింటికీ వెళ్ళి ప్రజలను పరిచయం చేసుకుంటాడు. స్థానికులతో కూడిన సమితి ఆ ప్రాంతపు సమస్యలను పోలీసులతో కలిసి చర్చిస్తుంది. మన తెలంగాణలోనూ ఊరికొక కానిస్టేబులును బాధ్యునిగా నియమించే విలేజ్ పోలీస్ ఆఫీసర్ పద్ధతి ఉంది. వేధింపులకు గురైన మహిళల కోసం 2014 అక్టోబరులో షీ టీమ్స్ ఏర్పడ్డాయి. తలుపులు ఉన్నాయి, తట్టవలసినది మనమే.

అయితే ఆ సంప్రదింపులలో ఎవరి గొంతు వినిపిస్తున్నది? సాధారణంగా పిలుపు అందేది కాలనీ సంఘం పెద్దకు, దుకాణదారునికి, మస్జిద్ కమిటీ సభ్యునికి. వారు చెప్పేది అబద్ధం కాదు, కాని అది సగం మాత్రమే. ఇంటి యజమాని దొంగతనాల గురించి చెబుతాడు. రాత్రి షిఫ్టు ముగించుకుని నడిచివచ్చే మహిళకు చీకటే పెద్ద భయం. జీతం డబ్బుతో గదికి చేరవలసిన కార్మికునికి దారిదోపిడీ భయం. భాష రాక ఊరుకుంటాడు. మొదటివారి మాట మాత్రమే విని జాబితా రాస్తే, మిగిలినవారి భయాలకు అందులో చోటుండదు. అంతకన్నా ఘోరమేమంటే, వారే అనుమానితులై ఆ జాబితాకు ఎక్కవచ్చు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఖలీఫాగా తమ తొలి ప్రసంగంలో, బలహీనునికి అతని హక్కు ఇప్పించేవరకు అతడు తమ దృష్టిలో బలవంతుడేనని ప్రకటించారు. మహల్లా జాబితాకు ఇదే కొలబద్ద కావాలి.

2018 మే నెలను మరచిపోకండి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు వాట్సాప్‌లో చెలరేగగా, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని మూక కొట్టి చంపింది. ఆ మూక కూడా తాను పిల్లలను కాపాడుతున్నాననే అనుకున్నది! వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమనీ, లేకుంటే తెలియక ఒక వర్గానికి హాని చేసి పిదప పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ అల్ హుజురాత్ సూరా హెచ్చరిస్తోంది. అతిగా అనుమానించటాన్నీ, ఇతరుల గుట్టు ఆరా తీయటాన్నీ అదే సూరా నిషేధించింది.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ప్రసిద్ధ కథనం ఉంది. రాత్రి గస్తీలో ఒక ఇంటి నుంచి శబ్దం విని, గోడ ఎక్కి లోపలి తప్పును పట్టుకోబోగా, ఆ ఇంటివాడు తనది ఒక తప్పయితే, గూఢచర్యం, గోడ దూకటం, అనుమతి లేని ప్రవేశం అనే మూడు తప్పులు ఖలీఫా చేశారని అన్నాడట. ఉమర్ (రజి) ఆ మాటను అంగీకరించి వెనుదిరిగారట. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా చేరే సంస్థలకు సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. దృశ్యాలను 30 రోజులు భద్రపరచమన్నది. కెమెరా మంచిదే. అది దారిని చూడాలి గాని పొరుగింటి కిటికీని చూడరాదు. దాని దృశ్యాలు ఎవరి చేతిలో ఉంటాయో మహల్లా అంతటికీ తెలియాలి.

ఇక ఆచరణకు వద్దాం. మొదటిది, ప్రతి వీధి నుంచి భయాలను సేకరించండి. స్త్రీల మాటను స్త్రీల ద్వారా, కార్మికుల మాటను వారి భాష తెలిసినవారి ద్వారా వినండి. మతం, కులం చూడకుండా పొరుగువారందరినీ కూర్చోబెట్టండి. రెండవది, అన్నింటిలో ముఖ్యమైన మూడింటిని చోటు, వేళలతో సహా రాసి స్టేషనులో ఇవ్వండి. దీపం, గుంత వంటివి మున్సిపాలిటీకి నివేదించండి. నెల తరువాత వెళ్ళి ఏం జరిగిందో మర్యాదగా అడగండి. మూడవది, మన వంతు మనం చేద్దాం. మైనరు కుమారునికి బండి తాళం ఇవ్వకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అందుకు తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలుశిక్ష నిర్దేశించింది. జుమాకు వచ్చినప్పుడు అంబులెన్సు వెళ్ళే దారి వదిలి వాహనం నిలపండి. అదీ దారి హక్కే.

ఓ అల్లాహ్! మా ఊళ్ళను శాంతి నిలయాలుగా చేయి. మా పొరుగువారికి మా వల్ల భయం లేకుండా చేయి. మమ్మల్ని కాపాడే ఉద్యోగులకు న్యాయబుద్ధిని, మాకు నిజం చెప్పే ధైర్యాన్ని, మాట రాని వారి పక్షాన నిలిచే హృదయాన్ని ప్రసాదించు. ఆమీన్!